బాగ్దాదులో ఆగిన బాటసారి

అడ్డతీగల కొండల్లో ఆదివారం ఆరాధన ముగిశాక సంఘమంతా కలిసి భోంచేసే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. ఊరి పేరులో ఉన్న అడ్డతీగ ఆకులతోనే విస్తళ్ళు కుడతారు. ఆ మధ్య ఒక ఆదివారం మేము ఆ విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఒక తల్లి తన కూతుర్ని మా దగ్గరికి తీసుకొచ్చింది. ఆ అమ్మాయి నర్సు చదువు పూర్తి చేసింది. బహ్రెయిన్‌లో ఉద్యోగం దొరికింది. ప్రయాణం కోసం ప్రార్థన చేయమన్నారు, చేశాము. ఆమేన్ అన్నాక ఆ అమ్మాయి తల వంచుకుని మరో సంగతి అడిగింది. ఎవరూ తెలియని దేశంలో, వీధిలో నిలబడి ప్రకటించే వీలు లేని చోట, డ్యూటీకీ గదికీ మధ్య తిరిగే తనలాంటి మనిషి దేవునికి ఏ విధంగా పనికొస్తుందని ఆమె ప్రశ్న. పాస్టరు గారి వైపు చూసే చూపులో ఆశతోపాటు భయం కూడా ఉంది. ఏదో ఒక వాక్యం చెప్పి పంపేసే ప్రశ్న కాదది. అందుకే ఆమెకు గోదావరి వాసులందరికీ తెలిసిన ఒక మనిషి కథ చెప్పాము. పేరు అందరికీ తెలుసు. ఆయన చేసిన ఒక ప్రయాణం మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఆయన సర్ ఆర్థర్ కాటన్. మన జిల్లాల్లో కాటన్ దొర. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినవాడు. ఆయన విగ్రహం లేని పట్టణం గోదావరి డెల్టాలో అరుదు. నదీస్నానపు సంకల్పంలో ఆయన పేరు కలుపుకున్న పండితులున్నారు. ఆయనను ఇంజనీరుగా అందరూ తలచుకుంటారు, ఆయనలోని విశ్వాసిని తలచుకునేవాళ్ళు తక్కువ.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. అన్నదమ్ములే పదిమందికి పైగా ఉన్న పెద్ద కుటుంబం అది. పదిహేనేళ్ళకే ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరాడు. 1821లో మద్రాసు వచ్చి ఇంజనీరుగా పని మొదలుపెట్టాడు. బర్మా యుద్ధంలో పనిచేశాడు. తర్వాత తంజావూరు ప్రాంతంలో కావేరి కాలువల బాధ్యత ఆయన చేతికొచ్చింది. వేల ఏళ్ళ కిందట చోళులు కట్టిన కల్లణై ఆనకట్టను చూసి, ఇసుక మీద కూడా రాయి నిలబెట్టవచ్చని అక్కడే నేర్చుకున్నాడు. యవ్వనంలోనే క్రీస్తును తన సొంత రక్షకునిగా అంగీకరించాడు. కొలతల పుస్తకంతో పాటు బైబిలు కూడా ఆ దినాల నుండి ఆయన సామానులో భాగమైంది.

ఎండలకూ జ్వరాలకూ ఆరోగ్యం దెబ్బతిని 1830లో సెలవుపై ఇంగ్లండు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు సుఖమైన ఓడ ప్రయాణం వదిలి నేల దారి పట్టాడు. తూర్పు దేశాలు దాటుకుంటూ 1833లో టైగ్రిస్ నది ఒడ్డున ఉన్న బాగ్దాదు చేరాడు. ఇంజనీరు కాబట్టి పురాతన కాలువల గుర్తులు చూసుకుంటూ దాటిపోవచ్చు. ఇంగ్లీషు అధికారుల ఆతిథ్యం తీసుకుని దాటిపోవచ్చు. అయితే ఆ నగరంలో ఒక మిషనరీ ఇల్లుంది. కాటన్ ఆ ఇంటికి వెళ్ళాడు.

ఆ ఇల్లు ఆంథోనీ నారిస్ గ్రోవ్స్‌ది. ఆయన ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో పేరున్న పళ్ళ డాక్టరు. మొదట సంపాదనలో పదో వంతు, తర్వాత నాలుగో వంతు దేవునికిచ్చాడు. చివరికి బతకడానికి కావలసింది ఉంచుకుని మిగిలిందంతా ఇచ్చేయాలని తీర్మానించుకున్నాడు. అదే విషయం మీద 1825లో ఒక చిన్న పుస్తకం రాశాడు. బ్రిస్టల్ అనాథల తండ్రి జార్జ్ ముల్లర్ పేరు మన సంఘాల్లో వినని వారుండరు. ఆయన భార్య మేరీ ఈ గ్రోవ్స్‌కు తోబుట్టువే. 1829లో గ్రోవ్స్ డాక్టరు వృత్తి వదిలి, భార్యనూ ఇద్దరు చిన్న కొడుకులనూ తీసుకుని, రష్యా మీదుగా బయలుదేరాడు. దారిలో షూషా అనే కొండ పట్టణంలో జర్మన్ మిషనరీలను కలిశాడు. వారిలో ఫాండర్ అనే ఆయన వెంట నడిచి బాగ్దాదు దాకా వచ్చి, అరబ్బీ భాషా ప్రపంచంలో ఈ కుటుంబానికి చెయ్యందించాడు.

1831లో ఆ నగరం మీద వరసగా మూడు దెబ్బలు పడ్డాయి. ముందు ప్లేగు వచ్చింది. వీధుల్లో శవాలు ఎత్తే మనుషులు కూడా కరువయ్యారు. ఆ మధ్యలోనే నది పొంగి గోడలు విరిగి వేలాది ఇళ్ళు కూలాయి. పిమ్మట సుల్తాను సైన్యం నగరాన్ని ముట్టడించింది. మే 14న గ్రోవ్స్ భార్య మేరీ ప్లేగుతో చనిపోయింది. అక్కడే పుట్టిన పసిపాప మూడు నెలలకు తల్లిని వెంబడించింది. తర్వాత ఐర్లండు, ఇంగ్లండుల నుండి కొందరు సహోదరులు తోడు వచ్చారు గాని గ్రోవ్స్ చూపెట్టడానికి పెద్ద ఫలితమేమీ లేదు. పేరుపొందిన సంఘం లేదు, బాప్తిస్మాల లెక్క లేదు. ఉన్నవి రెండు సమాధులు, కొద్దిమంది పిల్లలకు చెప్పిన చదువు, తలుపు తట్టిన రోగులకు ఇచ్చిన మందు.

కాటన్ వచ్చి కలిసింది అలాంటి మనిషిని. విజయవంతమైన మిషనును చూడటానికి చాలామంది వెళ్తారు. ఓడినట్టు కనిపించేవాడి గడప తొక్కడానికి మనసుండాలి. ముప్పయ్యేళ్ళ ఆ ఇంజనీరు గ్రోవ్స్‌ను ఇండియా రమ్మని పిలిచాడు. అదే ఏడాది గ్రోవ్స్ ఆయనతో కలిసి బయలుదేరి బొంబాయిలో దిగాడు.

ఇండియాలో గ్రోవ్స్ చేసింది కూడా దర్శనమే. ఏడాది పాటు ఆయన పడమటి తీరం నుండి తిరునల్వేలి, జాఫ్నా, తంజావూరు, మద్రాసు, కలకత్తా దాకా తిరిగాడు. ఏ మిషను వారని చూడలేదు. లూథరన్లయినా, ఆంగ్లికన్లయినా, స్కాట్లండు వారయినా వారి ఇంట్లో దిగి, వారితో ప్రార్థించి, వారి కష్టాలు విన్నాడు. కలకత్తాలో పెద్ద విద్యావేత్త అలెగ్జాండర్ డఫ్ జబ్బుతో మంచం పట్టి 1834లో స్వదేశానికి ఓడ ఎక్కినప్పుడు, అదే ఓడలో ఉండి ఆయనకు సేవ చేసింది గ్రోవ్సే.

ఇంగ్లండు చేరాక గ్రోవ్స్ తాను చూసిన అవసరాన్ని సంఘాలకు చెప్పాడు. బార్న్‌స్టేపుల్ అనే పట్టణంలో ఇద్దరు యువకులు ఆ మాటలు విన్నారు. ఒకరు విలియం బౌడెన్, రాళ్ళు చెక్కే తాపీ మేస్త్రి. రెండోవారు జార్జ్ బీర్, చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ కాలేజీ ముఖం చూసినవారు కాదు, ఏ సొసైటీ జీతమూ వారికి లేదు. 1836లో భార్యలతో సహా గ్రోవ్స్ వెంట మద్రాసు వచ్చారు. అక్కడి నుండి తెలుగు నేలకు వచ్చి, మచిలీపట్నంలో మొదలుపెట్టి, గోదావరి సముద్రంలో కలిసే చోట నర్సాపురంలో స్థిరపడ్డారు. పాలకొల్లు, ధవళేశ్వరం కూడా వారి మిషనుకు కేంద్రాలయ్యాయి. నేటి గోదావరి డెల్టా మిషను అలా పుట్టింది. నర్సాపురం చుట్టుపట్ల ఎన్ని సంఘాలకు, ఎన్ని బడులకు, ఎంతమంది కుష్ఠు రోగులకు ఆ పని నీడనిచ్చిందో ఆ ప్రాంతపు పెద్దలకు తెలుసు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూద్దాం. 1833లో కాటన్ బాగ్దాదు ఇంటి తలుపు తట్టిన సమయానికి ఆయనకు గోదావరితో సంబంధమే లేదు. ఆయన నది కావేరి. అదే 1833లో మన తెలుగు నేలను నందన నామ సంవత్సరపు కరువు, జనం డొక్కల కరువని పిలుచుకున్న ఆ కరువు కబళిస్తోంది. గుంటూరు సీమలో ప్రతి మూడు ప్రాణాల్లో ఒకటి పోయిందని అంచనా. గోదావరి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కరువు, తుపాను, అంటురోగాలు, వలసలు కలిసి ఆ పని చేశాయి. నది నిండా నీళ్ళున్నాయి, అవి సముద్రంలోకి పోతున్నాయి. ఆకలికి అన్నం లేదు, ఆత్మకు ఆహారమూ అందడం లేదు. ఈ రెండు అవసరాలకూ రావలసిన మనుషులు ఆ ఏడు ఎక్కడో ఎడారి అంచున ఒక ఇంట్లో కలుసుకున్నారు. తాము దేనికి కలిశామో వారికే తెలియదు. ఆ ఇంటి దారి నుండి బౌడెన్, బీర్ 1836లో గోదావరి ముఖద్వారానికి వచ్చారు. పదకొండేళ్ళ తర్వాత కాటన్ అదే నది తల దగ్గర పునాది తవ్వాడు. ఇదంతా ముందుగా కలిపి చూసినవాడు ఒక్క దేవుడే.

కాటన్ 1840ల్లో గోదావరిని కాలినడకన, గుర్రం మీద, పడవ మీద తిరిగి పరిశీలించి నివేదిక పంపాడు. కంపెనీ ఒప్పుకున్నది జాలితో మాత్రమే కాదు, శిస్తు పెరుగుతుందన్న లెక్కతో కూడా. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా రెండు మైళ్ళకు పైబడిన రాతి కట్టడం అది. వేలాదిమంది కూలీలు, వందల కొద్దీ వడ్రంగులు, కమ్మరులు పనిచేశారు. కూలీలకూ దొరకూ మధ్య నిలిచి, పనిని దగ్గరుండి నడిపినవాడు మన తెలుగువాడు వీణం వీరన్న. 1848లో కాటన్ ఆరోగ్యం మళ్ళీ కూలింది. పనిని మరో అధికారికి అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళి, 1850లో తిరిగొచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. 1982లో కొత్త బ్యారేజీ కట్టినప్పుడు దానికి కూడా ఆయన పేరే పెట్టారు.

ఆనకట్ట కథ అక్కడితో ఆపితే అడ్డతీగల వారికి అన్యాయం చేసినట్టే. కాటన్ నీళ్ళు కిందికి పారాయి. డెల్టా అన్నపూర్ణ అయింది. మన్యానికి మాత్రం ఆ పంట రాలేదు. ఇక్కడి వెదురూ కలపా పల్లానికి వెళ్ళాయి, పల్లం నుండి షావుకారు అప్పులూ శిస్తులూ పైకి వచ్చాయి. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం అడ్డతీగల పోలీసు ఠాణా మీదికి వచ్చిందంటే ఆ కోపం వెనక ఎన్నో ఏళ్ళ ఆకలి ఉంది. ఒక మంచి మనిషి చేసిన మంచి పని కూడా అందరికీ చేరదు. దాన్ని ఒప్పుకోవడంలో అవమానం లేదు.

అయినా ఆ బాగ్దాదు దారి కొండలను మరిచిపోలేదు. కాటన్ కింద పనిచేసిన యువ ఇంజనీర్లలో హేగ్ ఒకడు. గన్నవరం అక్విడక్టు కట్టినది ఆయనే. ఎగువ గోదావరిని పడవలకు అనుకూలం చేయాలన్న కాటన్ ఆలోచనతో హేగ్ దుమ్ముగూడెంలో పని చేపట్టాడు. అక్కడి కోయల స్థితి చూసి మనసు కరిగి, వారి మధ్యకు సేవకులను పంపమని చర్చి మిషనరీ సొసైటీని అడిగాడు. 1860 ప్రాంతంలో దుమ్ముగూడెం మిషను మొదలైంది. ఆ ఇంజనీరింగు పనుల్లోనే ఉద్యోగిగా ఉన్న వెంకటరామరాజు క్రీస్తును నమ్ముకుని, ఆ కోయల మధ్య మొదటి పనివాడయ్యాడు. తర్వాత జాన్ కెయిన్ వచ్చి కోయ భాష నేర్చుకుని దాన్ని కాగితం మీద పెట్టాడు. గోదావరి మన్యంలో కోయవారి భాషలో దేవుని మాట వినిపించడానికి ఆ దారి తెరుచుకుంది.

హేగ్ అక్కడితో ఊరుకోలేదు. ఉద్యోగ విరమణ చేశాక ముసలితనంలో అరబ్ తీరాల వెంట, యెమెన్ కొండల మీద ప్రయాణం చేసి, అక్కడ సువార్త పనివారి అవసరాన్ని గురించి 1880ల్లో రాశాడు. ఆ రాతలు చదివి కదిలినవారున్నారు. స్కాట్లండు నుండి కీత్ ఫాల్కనర్ ఏడెన్ వెళ్ళి, 1887లో అక్కడే జ్వరంతో ప్రాణం వదిలాడు. 1889లో అమెరికాలో అరేబియన్ మిషను ఏర్పడింది. ఆ మిషను సేవకులు బహ్రెయిన్‌లో 1903లో ఆసుపత్రి తెరిచారు. బాగ్దాదులో మొదలైన దారి గోదావరి చుట్టి మళ్ళీ అరబ్ నేలకే చేరింది.

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేశాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. బిరుదు వచ్చినంత మాత్రాన ఆయన మాట చెల్లలేదు. రైళ్ళకంటే కాలువలే పేదవాడికి అన్నం పెడతాయని ఆయన వాదించాడు. 1876లో మొదలైన మహాకరువు దక్షిణ దేశాన్ని మింగాక కూడా, పార్లమెంటు కమిటీ ముందు ముసలితనంలో నిలబడి కఠినమైన ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అదే 1876లో, డెబ్బైమూడేళ్ళ వయసులో, అరబ్బీ సులువుగా నేర్చుకోవడానికి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. డార్కింగ్ అనే ఊళ్ళో చివరి ఏళ్ళు గడిపాడు. ఆయన కూతురు ఎలిజబెత్, తర్వాత లేడీ హోప్, అదే ఊళ్ళో కూలివారి మధ్య సువార్త పని చేసింది. తండ్రి జీవిత చరిత్ర రాసింది ఆమే. 1899 జూలైలో తొంభై ఆరేళ్ళ వయసులో కాటన్ ప్రభువు దగ్గరికి వెళ్ళాడు.

గ్రోవ్స్ అప్పటికి చాలా ముందే వెళ్ళిపోయాడు. 1837 నుండి మన చిత్తూరులో ఉండి, పొలం పని చేసుకుంటూ సువార్త ప్రకటించాడు. అప్పుల పాలయ్యాడు. ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్ళి, 1853లో బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ ఇంట్లో కన్నుమూశాడు. ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తయి అప్పటికి ఒక్క ఏడాది.

అపొస్తలుడైన పౌలు చివరి పత్రికలో ఒక పేరుంది. ఒనేసిఫోరు. అతడు పెద్ద ప్రసంగీకుడని ఎక్కడా లేదు. ఏదో పని మీద రోమాకు వచ్చినవాడు, ఆ మహానగరంలో పౌలు ఎక్కడున్నాడో శ్రద్ధగా వెదకి, కనుక్కుని, సంకెళ్ళలో ఉన్నవాణ్ణి చూడటానికి సిగ్గుపడకుండా వెళ్ళాడు. పౌలుకు ప్రాణం లేచొచ్చింది. అంతకు ముందు పౌలు ఖైదీగా రోమాకు వస్తున్నప్పుడు కూడా సహోదరులు అప్పీయా సంతపేట దాకా ఎదురువచ్చారు. వారిని చూసి అంత గొప్ప అపొస్తలుడు ధైర్యం తెచ్చుకున్నాడని లూకా రాశాడు. దేవుని సేవకుడికి దేవుడు చాలడా అని మనం అడగవచ్చు. దేవుడు చాలును. అయితే ఆ దేవుడే చాలాసార్లు మనిషి కాళ్ళతో వచ్చి తలుపు తడతాడు.

ఈ కథ చెప్పడానికి మాకు అర్హత తక్కువేనని ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఇదే ఘాటు రోడ్డున సభలకు వెళ్తున్నాము. దారికి కొద్ది దూరంలో ఒక సువార్తికుని గుడిసె ఉందని తెలుసు. ఆయన భార్య జ్వరంతో ఉన్నదని కబురు కూడా అందింది. సభకు ఆలస్యమవుతుందని, వచ్చేటప్పుడు చూద్దామనుకున్నాము. వచ్చేటప్పుడు రాత్రయింది. జీపు ఆపలేదు. కొన్ని నెలలకు ఆయన సామాను సర్దుకుని పల్లానికి కూలికి వెళ్ళిపోయాడని తెలిసింది. తర్వాత కలిసినప్పుడు ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ సభల్లో మేము చేసిన ప్రసంగం దేని గురించో ఇప్పుడు గుర్తు లేదు. ఆపని ఆ జీపు మాత్రం గుర్తుంది.

దర్శనమంటే కెమెరాతో వెళ్ళి ఫొటో దిగి రావడం కాదు. ఇప్పుడు మన సంఘాల నుండి ఎంతోమంది కువైట్, దుబాయి, అమెరికా, ఆస్ట్రేలియా వెళ్తున్నారు. వెళ్ళిన చోట షాపులూ కట్టడాలూ చూస్తారు, చూడనివ్వండి. ఆ పట్టణంలో ఒంటరిగా పనిచేసే సేవకుడెవరో కూడా విచారించండి. ఆయన ఇంట్లో ఒక పూట కూర్చోండి. పిల్లల పేర్లడగండి. మీ భాషలో ఒక ప్రార్థన చేయండి. ఆ దేశపు చట్టాన్ని గౌరవిస్తూనే ఇదంతా చేయవచ్చు. విదేశం వెళ్ళనివారికి కొండదారి ఉంది. పల్లపు సంఘాల వారు ఏడాదికి ఒక్కసారైనా, సభలేమీ లేని రోజున, ఏజెన్సీలోని ఒక సువార్తికుని ఇంటికి మీ భోజనం మీరే పట్టుకుని వెళ్ళండి. దానివల్ల ఏమవుతుందో మీకు కనిపించకపోవచ్చు. కాటన్‌కు కూడా బాగ్దాదులో కనిపించలేదు.

ఆ అమ్మాయికి మేము చెప్పిందీ ఇంతే. బహ్రెయిన్‌లో సెలవు దొరికిన రోజున, 1903లో మొదలైన ఆ ఆసుపత్రి ఎక్కడుందో అడిగి, ఒకసారి వెళ్ళి చూసి రమ్మన్నాము. ఆ కట్టడం వెనక ఉన్న రాతల్లో ఒకటి గోదావరి కాలువల ఇంజనీరుదని, ఆయన మనసు కరిగింది మన గోదావరి కొండవాళ్ళను చూసేనని గుర్తుంచుకోమన్నాము. అక్కడ ఒంటరిగా ఉన్న సేవకులెవరైనా ఎదురైతే ఒక పూట వారితో కలిసి భోంచేయమన్నాము. వాళ్ళమ్మ అప్పటికే రెండు కట్టల అడ్డాకు విస్తళ్ళు కూతురి పెట్టెలో సర్దిందట. విమానంలో అవెందుకని అమ్మాయి నవ్వింది. ఎవరి ఇంటికైనా వెళ్ళినప్పుడు పనికొస్తాయని ఆ తల్లి జవాబు. మేము చెప్పాలనుకున్నదంతా ఆ తల్లి అలా ఒక్క మాటలో చెప్పేసింది.